నీటి లెక్క యే భాషలో నున్నది?

పుష్యమాసము మొదలు ఫాల్గుణము వరకు మాక్లూరు నుండి ఆర్మూరు దిక్కునకు పోవువారికి త్రోవ పొడుగునను పసుపు వాసనయే. త్రవ్విన దుంపను కడిగి, ఉడికించి, కళ్ళములో ఆరబోసి, డ్రమ్ములలో త్రిప్పి మెరుగు పెట్టి, బస్తాల కెత్తి నిజామాబాదు మార్కెటు యార్డునకు తెచ్చునప్పటికి రైతు కుటుంబపు ఏడాది కష్టమంతయు ఒక గుట్టగా నిలుచును. అక్కడ ఖరీదుదారు ఆ గుట్టలో చేయిపెట్టి, ఒక కొమ్మును తీసి, విరిచి, లోపలి రంగు చూచును. తేమ యెంతో చూచును. 2016 ఏప్రిలులో ఈ-నామ్ అను కంప్యూటరు వేలము దేశమున 21 మార్కెట్లలో మొదలైనప్పుడు నిజామాబాదు మార్కెటు వానిలో నొకటి. నాటినుండి ధరయు తెర మీదికి వచ్చినది. రైతు సరకున దాపరికమునకు చోటు లేదు. దీనిని మేము తప్పుపట్టుట లేదు. కొనువాడు విరిచి చూడవలసినదే. మా ప్రశ్న వేరొకటి. ఆ రైతు త్రాగు నీటిని, ఆతని బావి ప్రక్కన లేవబోవు కర్మాగారపు మాటను, అతడు విరిచి చూచుటకు వీలు కలదా?

విమర్శ యనగా కావ్యములకును నవలలకును చెల్లునుగాని సర్కారు కాగితములకు చెల్లునా యని మా చదువరులలో కొందరు సందేహింపవచ్చును. చెల్లుననియే మా తలంపు. ఒక నవల చెడ్డదైనచో చదివినవాని రెండు పూటలు వ్యర్థమగును. అంతకు మించి నష్టము లేదు. కర్మాగారము కట్టుటకు ముందు వ్రాయు పర్యావరణ ప్రభావ నివేదిక చెడ్డదైనచో దాని ఫలమును, చదువనివాడు సైతము, ముప్పది యేండ్లు త్రాగవలసి వచ్చును. ఇంత బలము గల వ్రాతలు ఏటేట పుట్టుచుండగా వాని శైలిని గూర్చి ఒక పుట వ్రాయువారు అరుదు. ఈ నెల మేము ఆ తెగ వ్రాతనే విమర్శ కెత్తికొనుచున్నాము.

ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. మాక్లూరునకు ఉత్తరముగా గోదావరి దాటినచో నిర్మల్ జిల్లా. అందు దిలావర్‌పూరు వద్ద లేచుచున్న ఎథనాలు కర్మాగారము వలదని చుట్టుపట్ల గ్రామములవారు నెలల తరబడి ఆందోళన సలిపి, 2024 నవంబరు నెలాఖరున నిర్మల్-భైంసా రహదారి మీద బైఠాయించిరి. స్త్రీలును పెద్దసంఖ్యలో వచ్చిరి. రెవెన్యూ డివిజనల్ అధికారి కారును గంటల తరబడి కదలనీయలేదు. తుదకు పనులు నిలుపుడని జిల్లా కలెక్టరు చెప్పిన పిదప గాని ఉద్రిక్తత చల్లారలేదు. ఉద్యోగధర్మము నెరవేర్ప వచ్చిన అధికారిని నిర్బంధించుట మేము మెచ్చము. అయితే ఆ తరువాత జరిగిన చర్చను చూచి మరింత విచారపడితిమి. అనుమతి మీ కాలమున వచ్చెననియొకరు, కాదు మీ కాలముననే యని వేరొకరు, రాజకీయ పక్షములు వాదులాడుకొనెను. తమ్మడుగకయే కట్టుచున్నారని గ్రామస్థులు మొదటినుండియు మొరపెట్టుకొన్న మాట ఆ గోలలో మునిగిపోయెను. ఏది కట్టుదురో, ఎంత నీరు తోడుదురో, మిగిలిన మురుగు ఎటు పోవునో ముందే ఆ యూరి నడుమ కూర్చుండి తెలుగున చెప్పియున్నచో, ఊరు ఒప్పుకొనెడిదో ఒప్పుకొనకపోయెడిదో గాని, అది రోడ్డు మీద తెలిసికొనవలసిన విషయము కాకపోయెడిది.

చట్టము వ్రాత మీద బాగుగనే యున్నది. 1994 జనవరిలో కేంద్ర ప్రభుత్వము పర్యావరణ ప్రభావమును గూర్చిన ప్రకటన వెలువరించెను. 1997లో దానికి బహిరంగ విచారణను చేర్చెను. నేడు ఆధారముగా నున్నది 2006 సెప్టెంబరు 14వ తేదీ ప్రకటన. దాని ప్రకారము విచారణకు 30 దినములకు తక్కువ గాకుండ ముందుగా పత్రికలలో తెలుపవలెను. అందొకటి ప్రాంతీయ భాషా పత్రిక కావలెను. నివేదిక ప్రతులను కలెక్టరు కచేరిలోను జిల్లా పరిషత్తులోను ఇతర కార్యాలయములలోను ఉంచవలెను. సంగ్రహమును స్థానిక భాషలోను ఇయ్యవలెను. విచారణ ముగిసినప్పుడు జరిగినదాని సారాంశమును సభకు వారి భాషలో చదివి వినిపింపవలెను. ఇంత చక్కని నియమము లుండగా లోపమెక్కడ? ఒక లోపము చట్టమునకే చేసిన సందులలో నున్నది. పెట్రోలున కలుపు ఎథనాలును ధాన్యము నుండి తీయు కర్మాగారములకు, మురుగునీరు బయటికి విడువమను షరతు మీద, సవివర నివేదికయు బహిరంగ విచారణయు అక్కరలేని తరగతిలో 2021 జూనులో కొంత గడువు వరకు చోటిచ్చిరి. అనగా ‘విడువము’ అను మాటయే విచారణ వలదనుటకు హేతువైనది. ఆ మాట నిజమా యని అడుగుటకు గదా విచారణ!

రెండవ లోపము వ్రాతలో నున్నది. సాహిత్యపత్రికవారమైన మాకు అది మరింత దగ్గరిది. ఈ నివేదికల మూలము ఇంగ్లీషున నుండును, వందల పుటలుండును. రైతుకు దక్కునది కొలది పుటల తెలుగు సంగ్రహము. ఆ తెలుగు ఎట్టిది? అందు క్రియలకు కర్త యుండడు. దుమ్ము అణచబడును. నీరు శుద్ధి చేయబడును. మొక్కలు నాటబడును. తగు చర్యలు తీసికొనబడును. ఎవరు అణచుదురు, ఎవరు నాటుదురు, చేయకున్నచో ఎవరి నడుగవలెను? ఈ ‘బడు’ తెలుగువారి నోట సహజముగా పలుకునది కాదు. మన పల్లెలో ఏ తల్లియు బిడ్డకు అన్నము పెట్టబడునని యనదు, పెట్టెదననును. ‘చేసెదము’ అన్నవాడు రేపు దొరకును. ‘చేయబడును’ అన్నవాడు ఎన్నటికిని దొరకడు. వ్యాకరణదోష మని పండితులు దీనిని క్షమింపవచ్చును. మేము దీనిని నీతిదోష మనుచున్నాము.

ఇంక మాటల సంగతి. ‘శూన్య ద్రవ వ్యర్థ విసర్జన’ యనునొక సమాసము కలదు. మురుగు చుక్కయైనను ప్రహరీ దాటదని దీని యర్థము. అట్లని వ్రాసినచో దాటిన నాడు పదేండ్ల పిల్లవాడు సైతము వచ్చి ‘ఇదిగో దాటినది’ అని చూపగలడు. సమాసము వ్రాసినచో చూపలేడు. లీటరునకు ఇన్ని మిల్లీగ్రాములు, అనుమతించిన పరిమితికి లోబడి, అని వ్రాయుదురు; ఆ పరిమితి యేది, దాటినచో ఒంటికేమగును, పసిబిడ్డకు వేరు లెక్కయా, వ్రాయరు. అంకెను చూపుట వేరు, చెప్పుట వేరు. మేము చదివిన సంగ్రహములలో ఎక్కువ భాగము చూపినవే గాని చెప్పినవి కావు.

మేము వాడుచున్న యీ భాష మాత్రము పల్లెవారి నోటి భాషయా యని చదువరులు మమ్ము దెప్పవచ్చును. దెప్పుడు, తలవంచెదము. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1919లో ‘తెలుగు’ అను పత్రికను పెట్టి, పిల్లల పుస్తకములు జీవభాషలో నుండవలెనని పోరాడిన దినములలో పండితులు ఆయనను ఎంత నిందించిరో మనమెరుగుదుము. అయినను ఆ వాదము పాఠ్యపుస్తకములను గూర్చినది. కథ గ్రాంథికమున నున్నచో చదువనివాడు మరియొక కథ చదువుకొనును. వాని బావి గ్రాంథికమున నున్నచో వానికి మరియొక బావి లేదు.

భాషను గూర్చిన యీ తగవు న్యాయస్థానముల వరకును పోయినది. కేంద్రమువారు 2020 మార్చిలో కొత్త పర్యావరణ ప్రభావ ప్రకటనకు ముసాయిదా వ్రాసి దేశప్రజల యభిప్రాయ మడిగిరి. అడిగినది హిందీలోను ఇంగ్లీషులోను. 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోనికి దానిని మార్పింపుడని ఆజ్ఞాపించెను. తెలుగు అందొకటి. సర్కారువారు మార్పించుటకు బదులు సుప్రీము కోర్టు మెట్లెక్కిరి. కోట్ల జనుల నడిగితిమను ఖ్యాతి కావలెను, వారికి తెలియు భాషలో అడుగుట మాత్రము భారమైనది!

తెలిసినవారి భాష వేరు, త్రాగువారి భాష వేరు అగుట కొత్త కాదు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలోని మన తెలుగు పల్లెలలో ఎముకలు వంకరపోయిన జనులను పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడే కారణమని ఇంగ్లీషు వైద్యపత్రికలో ప్రకటించిరి. 1945 నాటికి నల్లగొండ సీమలోను ఆ జాడ్యమును గుర్తించిరి. గూనిపడిన ఆ పల్లెలవారిలో ఎందరో అటు పిమ్మటను దానిని కర్మఫలమని తలపోయుచు, అదే బావి నీటిని బిడ్డలకు పోసిరి. కారణము ఎరుగనందున గాదు ఈ దురవస్థ. ఎరిగినవారు ఎరిగినచోటనే యుండిపోయినందున.

పటాన్‌చెరు కథ ఇంకను దగ్గరిది, ఇంకను పెద్దది. 1970 తరువాతి దశాబ్దములలో అక్కడ మందుల కర్మాగారములు వరుసగా వెలసినవి. నక్కవాగు రంగు మారెను. పొలములు పాడయ్యెను, పశువులు చచ్చెను. అక్కడ వైద్యము చేయుచుండిన అల్లాని కిషన్ రావుగారు రోగుల చర్మము మీదనే కాలుష్యమును చదివి, జనులను కూడగట్టి, దశాబ్దముల పాటు పోరాడిరి. 1990లో వ్యాజ్యము సుప్రీము కోర్టునకు పోయెను. 2001లో హైకోర్టునకు మరలెను. ఈ నడుమ వాగులో నేమున్నదో లెక్క చెప్పినది ఎవరు? 2007లో స్వీడను దేశపు గోతెన్‌బర్గు శాస్త్రజ్ఞులు. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని వారు వ్రాసిరి. ఆ మందు మింగిన రోగి నెత్తురులో నుండు దానికంటె ఇది హెచ్చు. దినమునకు వెలువడునది సుమారు 44 కిలోలని గణించిరి. స్వీడను దేశమంతయు ఐదు దినములలో వాడు మందంత. శుద్ధిచేసిన నీటి సంగతి యిది! మందుకు లొంగని సూక్ష్మక్రిములు అట్టి నీటిలో బలియుననియు, అవి సరిహద్దుల నెరుగవనియు తెలియుటచే లోకమంతయు ఉలికిపడెను. అంతకు ఇరువది యేండ్ల ముందే ఉలికిపడినవారు వాగు ఒడ్డున నుండిరి. వారి సాక్ష్యమునకు అంకె లేదు గనుక సాక్ష్యము కాలేదు. అంకె వచ్చినప్పుడు అది వారి భాషలో రాలేదు.

తరువాతి కథ పాఠపరిష్కర్తల కుపయోగించునది. మందుల కర్మాగారపు మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంత మించరాదో హద్దులు పెట్టుచు కేంద్రమువారు 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించిరి. 2021లో తుది ఉత్తర్వు వెలువడెను. అందు ఆ హద్దులు లేవు. మన ప్రాచీన కావ్యములను అచ్చువేయువారు ఒక పద్యము తాళపత్రమున నుండి, మరియొక ప్రతిలో లేకున్నచో, పుట అడుగున ఆ పాఠభేదమును చూపి కారణము వ్రాయుదురు. వందల యేండ్ల నాటి శృంగార పద్యమునకు గల యీ మర్యాద నేటి నీటి చట్టమునకు లేదు. సమాచారహక్కు చట్టపు నాల్గవ విభాగము, నిర్ణయముల వలన బాధపడువారికి ఆ నిర్ణయముల హేతువులను అడుగకయే తెలుపవలె ననుచున్నది. అది చట్టములోని వాక్యము, మా కల్పన కాదు.

పటాన్‌చెరు ఎక్కడ, మాక్లూరు ఎక్కడ యని మా పాఠకు లనవచ్చును. దేశపటము చూడుడు. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర నిజాంసాగరము చేరును. 1923 మొదలు 1931 వరకు కట్టిన ఆ జలాశయపు కాలువలే నిజామాబాదు సీమకు అన్నము పెట్టినవి. ఆనకట్ట దాటిన మంజీర గోదావరిలో పడును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశమున 351 కలుషిత నదీభాగములను పేర్కొనెను, తెలంగాణమున 8, నక్కవాగు, మంజీర, గోదావరి మూడును అందున్నవి. పటాన్‌చెరు విషము మాక్లూరు మడిలోనికి వచ్చినదని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుటకు మా వద్ద కొలత లేదు. కొలత లేక భయపెట్టుట పాపము. నది యొక్కటే యైనప్పుడు, మీద నున్నవారి చీటీ క్రిందివారికి అందవలదా యని మాత్రము అడుగుచున్నాము. నీరు వచ్చిన త్రోవనే వార్త యేల రాదు?

వార్త రాకుండుట ఒక్క రాత్రిలో ఎంత పని చేయునో విశాఖపట్టణము చూచినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుగురు చనిపోయిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆ కర్మాగారము 1961 నుండి వేరువేరు యజమానుల క్రింద అక్కడనే యున్నది. తాను చేయుచున్న ఉత్పత్తి పరిమాణమునకు తగిన పర్యావరణానుమతి తనకు లేదని ఆ కంపెనీయే 2019 మేలో ప్రమాణపత్రమున వ్రాసి అధికారుల కిచ్చెను. అనగా లోపము కాగితము మీద నొప్పుకొన్నదే. ఏడాది పాటు ఫైలులో నున్నదే. ప్రమాదము మీద రాష్ట్రప్రభుత్వము వేసిన ఉన్నతస్థాయి సంఘము 2020 జులైలో నివేదిక యిచ్చుచు, సైరను మ్రోగించుటకు కర్మాగారమున 36 తావులుండియు ఒక్కటియు ఉపయోగింపబడలేదని తేల్చెను. (ఇక్కడ ‘బడు’ మేమును వాడితిమి, కర్తలు ఎవరో న్యాయస్థానము చెప్పవలసియున్నది.)

భోపాలు తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమున 41-బి అను విభాగమును చేర్చి, ప్రమాదముల సమాచారమును కార్మికులకే గాక చుట్టుపట్ల జనులకును తెలుపవలెనని శాసించిరి. 1989 నియమములలో ఆ మాటనే మరింత విప్పి వ్రాసిరి. తెలుపుట యెంత పని? ‘ఈ గోడ లోపల స్టైరీను అను ద్రవము కలదు. అది వేడెక్కినచో ఆవిరియై బయటికి వచ్చును. ఘాటు వాసన తగిలినచో తడిగుడ్డ ముక్కునకు పట్టుకొని, గాలి వచ్చు దిక్కునకు అడ్డముగా పోవుడు. సైరను ఇట్లు మ్రోగును.’ నాలుగు వాక్యములు. ఇంటింటి తలుపు వెనుక అతికించుటకు ఒక చిన్న కాగితము చాలును. మాకు తోచిన తెలుగు ఇది. ఇంతకంటె చక్కగా వ్రాయగలవారు ఆ గ్రామములోని బడిలోనే యుందురు.

ఇంక మా సీమలో వినబడు ఆక్షేపణకు వత్తము. అన్నియు బయట పెట్టినచో జనులు బెదరుదురు, సరకు ధర పడిపోవును, చేయనివాడు చెడిపోవును అని పెద్దలందురు. ఇది తోసివేయదగిన మాట కాదు. పసుపు పండించు ఊళ్ళలో మరియు కాదు. పసుపునకు బోర్డు కావలెనని 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నుండి 178 మంది రైతులు నిలుచుండగా అభ్యర్థుల సంఖ్య 185కు పెరిగెను. 2025 జనవరి 14న బోర్డు మొదలయ్యెను. ఇంత పోరి తెచ్చుకొన్న పేరును ఒక పుకారు ఒక్క వారములో చెరుపగలదు. పసుపునకు మెరుగు పెట్టుటకై కొన్నిచోట్ల సీసపు క్రోమేటు అను పచ్చరంగు కలుపుదురను వార్త వచ్చినప్పుడెల్ల మా రైతుల గుండెలు జల్లుమనును. ఆ సంగతినే తీసికొందము.

సీసము పిల్లల మెదడును చెరుచును. ఇంత వరకు క్షేమమను హద్దు దానికి లేదు. 2024లో వెలువడిన ఒక పరిశోధన భారత, పాకిస్తాన, నేపాళ, శ్రీలంకలలోని 23 నగరములనుండి 356 పసుపు నమూనాలు తెచ్చి చూడగా, నూటికి 14 వంతున గ్రామునకు 2 మైక్రోగ్రాములు మించిన సీసముండెను. పాట్నా, గౌహతి నగరములలో అది మిక్కిలి హెచ్చు. మన దేశపు చట్టము సీసపు క్రోమేటును బొత్తిగా నిషేధించియు, పసుపున సీసమునకు గ్రామునకు 10 మైక్రోగ్రాముల వరకు హద్దు పెట్టినది, బంగ్లాదేశము 2.5 అన్నది. పొడి వలదు, కొమ్ములే కొని ఇంట దంచుకొందుమను గృహిణుల ధీమా కూడ చాలదు. బంగ్లాదేశమున రంగు పూసినది మెరుగుపెట్టు మిల్లులలో, కొమ్ము మీదనే.

ఆ బంగ్లాదేశమువారు ఏమి చేసిరో మన పెద్దలు వినవలెను. 1980 దశకమున వరదలలో తడిసి వన్నె తగ్గిన కొమ్ములకు రంగు పూయుట అక్కడ మొదలైనది. 2019లో పరిశోధకులు ఆ సంగతి ప్రకటింపగా ప్రభుత్వము దాచలేదు. ఆహార భద్రతాధికారులు 50,000 కరపత్రములు పంచిరి. పత్రికలలోను టెలివిజనులోను చాటిరి. ఢాకాలోని శ్యామ్‌బజారులో తనిఖీ చేసి, రంగు పూసిన కొమ్ములమ్ము ఇద్దరు టోకు వర్తకులకు అందరి యెదుట జరిమానా వేసిరి. 2019లో నూటికి 47 నమూనాలలో నుండిన సీసము 2021 నాటికి ఒక్కదానను కనబడలేదు. మిల్లులలో పనిచేయువారి నెత్తురులో సీసము నూటికి 30 పాళ్ళు తగ్గెను. అక్కడి రైతు చెడలేదు. రంగు అమ్మువాడు చెడెను. తప్పు ఎక్కడ జరుగుచున్నదో పేరుపెట్టి చెప్పుటచేత చెప్పనిచోటులన్నియు నిందనుండి బయటపడినవి. దాచినచోట నిందకు ఎల్ల లుండవు. మాక్లూరు కళ్ళములో ఆరిన కొమ్మును సైతము దూరదేశపు కొనుగోలుదారు అనుమానించును. కావున నిజామాబాదున వెలసిన పసుపు బోర్డు తన పరీక్షల ఫలితములను, మంచివైనను చెడ్డవైనను, మార్కెటు తెర మీద ధర ప్రక్కననే తెలుగున చూపింపవలెనని మేము కోరుచున్నాము. ధర పడునని భయపడువారు తేమ కొలుచునప్పుడు భయపడలేదే!

చెప్పవలసినవారు చెప్పనప్పుడు అడుగు హక్కు 2005 అక్టోబరు 12 నుండి అందరికిని కలదు. అర్జీ తెలుగున వ్రాయవచ్చును. గ్రామస్థాయి కార్యాలయమునకైనచో రుసుము లేదు. మండలములో 5 రూపాయలు, పైని 10 రూపాయలు. 30 దినములలో జవాబియ్యవలెను. ప్రాణమునకు సంబంధించినదైనచో 48 గంటలలో. ఇయ్యనిచో మొదటి యప్పీలు, పిమ్మట సమాచార కమిషను. ఆ కమిషనులో 2023 ఫిబ్రవరి నుండి 2025 మే వరకు తెలంగాణమున కమిషనరే లేకుండిరి. తలుపు కొట్టువారు పెరిగిరి, లోపల పలుకువారు లేరు. ఈ లోపము ఒక పక్షమునకు గాని ఒక ప్రభుత్వమునకు గాని చెందినది కాదు. ఆ రెండేండ్లలో గద్దె మారినది, కుర్చీలు మారలేదు. ఇప్పుడు నిండినవి గనుక వానికి పని కల్పించుట గృహస్థుల వంతు.

మా యింటి ఆడువారు మొన్న ఒక అర్జీ వ్రాసిరి. మేము దానిని దిద్దబోయి, దిద్దవలసినది లేక మానితిమి. ఊరి పేరు మార్చుకొని మా చదువరులెవరైనను వాడుకొనవచ్చును:

‘అయ్యా, మా ఊరి బోర్ల నీళ్ళు, ట్యాంకు నీళ్ళు చివరిసారి ఏ తేదీన పరీక్ష చేసిండ్రు? ఎవరు చేసిండ్రు? ఆ నీళ్ళల్ల ఏమేమి ఎంతెంత ఉన్నదో, ఎంత దాటితే తాగకూడదో పక్కపక్కన రాసి ఇయ్యండి. పసిపిల్లలకు పట్టవచ్చునా, పట్టకూడదా, ఒక్క మాటల చెప్పండి. మా ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల కట్టినవి, కట్టబోయేవి ఫ్యాక్టరీలు ఏవి, వాటి మురుగు ఎటు పోతది? అడిగినది ప్రాణానికి సంబంధించినది గనుక తొందరగా చెప్పండి. జవాబు తెలుగుల ఇయ్యండి. నకలు ఒకటి మా పంచాయతీ గోడ మీద అతికించండి. చదవరానోళ్ళకు మేము చదివి చెప్తం.’